సొరంగం రైలూ, మంత్రిగారి ఒంటి విస్తరీ

రాజుల కాలంలో రైలేమిటని నన్ను నిలదీయకండి. కుంజరవర్మ మహారాజుకి సముద్రం కింద సొరంగముంది, అందులో రైలుంది, అంతే. తరంగపురంలో ఎక్కితే ఆవలి ఒడ్డున ముత్యాలదీవిలో దిగొచ్చు. రోజుకొక్క బండి. మిగతా వేళంతా ఆ సొరంగంలో చీమ కూడా నడవదు.

ఒకనాడు నిండు సభలో రాజుగారికి కోరిక పుట్టింది.

"దీవి అవతల ఇంకా నాలుగు దేశాలున్నాయిగా! అన్నిటికీ మన బండ్లు వెళ్లాలి. జనమూ వెళ్లాలి, సరుకూ వెళ్లాలి. ఏమిటి అడ్డం?"

మహామంత్రి ప్రచండదత్తుడు మీసం సవరించుకుంటూ లేచాడు. సొరంగాన్నీ సముద్రాన్నీ కూడా తానే తవ్వించానని చెప్పుకునే మనిషి.

"అడ్డం కాదు ప్రభూ, పద్ధతి! మన స్టేషన్లో తనిఖీ హాలు ఒక్కటే. ఒక దేశం ప్రయాణికులున్న చోట ఇంకో దేశం వాళ్లు కూర్చోకూడదని నేనే నియమం పెట్టాను. ఒకళ్లు వెళ్లాక హాలు కడిగించి, ఆరబెట్టించి, అప్పుడు ఇంకొకళ్లని రానిస్తాం."

"మరి సరుకు?"

"గుమ్మం గుమ్మానికీ సుంకం పెట్టాను. ఎందుకోగానీ వర్తకులు రావడం లేదు. కృతఘ్నులు!"

"ఇప్పుడేం చేద్దాం?"

"రెండో సొరంగం తవ్వుదాం ప్రభూ. కొత్త స్టేషన్‌కి గవ్వలపేట ఖాళీ చేయిస్తే సరి. తవ్వే పనికి పాపం మా బావమరిది సిద్ధంగా ఉన్నాడు."

ఆహా, ఎంత త్యాగం!

"బాగుంది. రేపు నాలుగు దేశాల రాయబారులకి విందు కదా, భోజనాలవగానే ముద్ర వేసేస్తాను" అన్నాడు రాజు.

సభలో ఒక్కడికే గుండె జారిపోయింది. అతను గవరయ్య, కోటలో విందుల అధికారి. పుట్టింది గవ్వలపేటలోనే. వాళ్లక్క ఇప్పటికీ అక్కడే చేపలెండబెట్టి, కోట వంటశాలకీ అమ్మి బతుకుతోంది. ఆ పేట పోతే ఆవిడ చేపలు ఎండేదెక్కడ, ఆవిడ ఉండేదెక్కడ? గవరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, రేపటి విందు అచ్చంగా మంత్రిగారి పద్ధతిలోనే నడిపిస్తాను. సెలవివ్వండి."

మంత్రి ఉబ్బిపోయాడు. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందయ్యా నీకు!"

రాజు సరేనన్నాడు. పాపం, ఆకలి సంగతి అప్పటికింకా తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం. ఊరంతా కూర్చున్నా నిండని భోజనశాల. అందులో ఒకే ఒక్క విస్తరి! మొదటి రాయబారి ఒక్కడూ బిక్కుబిక్కుమంటూ తింటున్నాడు. మిగతా ముగ్గురూ గుమ్మం బయట పులిహోర వాసన పీలుస్తున్నారు. రాజుగారు లోపలికి అడుగు పెట్టబోతే భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఒరేయ్, నేను రాజునిరా!"

"తమరిది వేరే దేశం ప్రభూ" అన్నాడు గవరయ్య వినయంగా. "ఆయన తిన్నాక హాలు కడగాలి, ఆరబెట్టాలి. ఆ తర్వాత తమరు."

"లోపలంతా ఖాళీగానే ఉంది కదయ్యా!"

"ఉంది ప్రభూ. కానీ పద్ధతి ఉంది కదా."

పక్కనున్న మంత్రిగారి పొట్ట పెద్దగా మూలిగింది. పొద్దుటినుంచీ విందు కోసమని పస్తున్నాడాయన.

హాలు కడిగారు, ఆరబెట్టారు. నీరసంగా రాజు పీట మీద కూలబడ్డాడు. వంటశాలనుంచి పప్పు గంగాళం బయల్దేరింది. మొదటి గుమ్మంలో భటుడు ఓ గరిటె తీసుకున్నాడు. రెండో గుమ్మంలో ఇంకో గరిటె. అలా అన్ని గుమ్మాలూ దాటి రాజుగారి విస్తరి దగ్గరికొచ్చేసరికి గంగాళం అడుగు గీకిన చప్పుడు తప్ప ఏమీ రాలలేదు.

"నెయ్యేదిరా?" అని అరిచాడు రాజు.

"దారిలో సుంకాలకి సరిపోయింది ప్రభూ."

అప్పటికి మంత్రిగారి ఓపిక చచ్చిపోయింది. అందరూ వింటుండగానే గుమ్మంలోంచి గావుకేక పెట్టాడు.

"బుద్ధుందా నీకు, గవరయ్యా! ఎవరెవరో గుమ్మం దగ్గర ఒక్కసారి చూసుకుని అందర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టు! వడ్డన వాళ్లని దొడ్డిగుమ్మంలోంచి రానీ! దారిలో గరిటెలు పెట్టేవాళ్లని తన్ని తగిలెయ్! ఇంత హాలు పెట్టుకుని ఇంకో హాలు కట్టిస్తావా ఏమిటి?"

గవరయ్య రాయబారుల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"విన్నారు కదా అయ్యా! మంత్రిగారు మన స్టేషన్‌కి కొత్త పద్ధతి సెలవిచ్చారు."

ముందు, ఒక్కడే కూర్చుని తిన్న రాయబారి ఫక్కుమన్నాడు. తర్వాత మిగతా ముగ్గురు. ఆకలి కూడా మర్చిపోయి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

రాజు తన చేతి కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగాడు.

"రెండో సొరంగం లేదు, ఏమీ లేదు. గవ్వలపేట జోలికెవరూ వెళ్లొద్దు. మొదటి గూడ్సు బండి మీ అక్క ఎండుచేపలతోనే బయల్దేరుతుంది. దానికి పచ్చజెండా మన మంత్రిగారు ఊపుతారు, బండి పక్కనే నిలబడి. సరేనా?"

గవరయ్య కళ్లు తుడుచుకున్నాడు. మంత్రి అప్పుడే ముక్కు మూసుకున్నాడు.

"అదలా ఉంచు, ముందు నెయ్యి తెప్పించరా! దొడ్డిగుమ్మంలోంచి!" అన్నాడు రాజు.