హంతకుణ్ణి చెప్పేసే గవర్రాజు

నిడదవోలులో గవర్రాజు అనే గుమాస్తా ఉండేవాడు; ఎవరి చేతిలో డిటెక్టివు నవల కనిపించినా హంతకుడెవరో చెప్పేయకపోతే అతనికి కడుపు ఉబ్బిపోయేది.

అవి పాకెట్ పుస్తకాలు కొత్తగా వచ్చిన రోజులు. అంతకుముందు పుస్తకమంటే గట్టి అట్టతో, బరువుగా, ప్లీడరుగారి అద్దాల బీరువాలో కూర్చుని ఉండేది. మనబోటివాళ్ళు బయటి నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే. ఈ చిన్న పుస్తకాలు వచ్చాక చదువు చొక్కా జేబులోకీ, కూరల సంచిలోకీ దూరింది. కాగితం ముతక, అచ్చు వంకరటింకర, అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మనిషి. అయితేనేం, టైలరు మస్తాను కాజాలు కుట్టడం ఆపి మరీ చదివేవాడు. మంగలి నూకయ్య గిరాకీ లేనప్పుడల్లా చదివేవాడు. ఆడవాళ్ళు పొయ్యి మీద పప్పు మాడుతున్నా తల ఎత్తేవారు కాదు.

కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. అందుకని మంగతాయారు తన ఇంటి అరుగు మీద ఆ పుస్తకాలు అద్దెకిచ్చేది. భర్త పోయిన మనిషి. ఆ అద్దెతోనే ఇద్దరు పిల్లల కడుపులు నిండాలి.

ఆవిడ కొత్త కట్ట విప్పేసరికి గవర్రాజు అరుగు మీద హాజరు. ఒక్క పూటలో నవల నమిలేసి ఊరి మీద పడేవాడు.

"ఏం మస్తానూ, ఎంతవరకు వచ్చావు?"

"ఇప్పుడే శవం దొరికింది బాబూ."

"చంపింది తోటమాలిలే. ఇక హాయిగా కుట్టుకో. నీకు శ్రమ తగ్గించాను."

అతని మనసులో దురుద్దేశం ఏమీ లేదు. ఊరికి ఉపకారం చేస్తున్నాననే అనుకునేవాడు. మస్తాను ముఖం మాడిపోతే, సంతోషం పట్టలేక అలా అయిపోయాడనుకునేవాడు.

ఇలా కొన్నాళ్ళు జరిగేసరికి అరుగు బోసిపోయింది. "గవర్రాజుగారు ఎలాగూ చెప్పేస్తారు, అద్దె దండగ" అన్నారు జనం. మంగతాయారు అతన్ని పిలిచి, "అన్నయ్యగారూ, మీ నోరు ఇలాగే ఆడితే మా పొయ్యి ఆరిపోతుంది" అంది. గవర్రాజు పాపం నొచ్చుకున్నాడు. ఇక చెప్పనని ఒట్టు వేశాడు. వీధి మలుపు తిరగకముందే ఎదురొచ్చిన పాలవాడికి ఒక హంతకుణ్ణి అప్పజెప్పాడు.

ఆ నెలలో ఊరంతా ఎదురుచూస్తున్న నవల వచ్చింది. గవర్రాజు ఎప్పటిలాగే మొదట పట్టుకుపోయి, అన్నం కూడా మానేసి చదివాడు. జమీందారును చంపింది డాక్టరా, తమ్ముడా, వంటమనిషా? డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు. గవర్రాజు పేజీ తిప్పాడు. అట్ట వచ్చింది.

పరుగున అరుగు దగ్గరికి వెళ్ళాడు. "చివరి పేజీలేవమ్మా?"

"పిన్ను ఊడదీసి వాటిని విడిగా కుట్టాను అన్నయ్యగారూ. ఊరంతా చదివాక మీకిస్తాను" అంది మంగతాయారు చల్లగా.

అప్పటినుంచి గవర్రాజుకు తిండి సయించలేదు. ఒకరి తరువాత ఒకరు అరుగు మీదికొచ్చి ఆ నవల చదివి వెళ్ళారు. అతను కనిపిస్తే మాటలు ఆపి ముసిముసిగా నవ్వేవారు. అతని భార్య కూడా చదివింది. చదివి, "అయ్యో పాపం" అని ఊరుకుంది. ఎవరు పాపమో మాత్రం చెప్పలేదు.

చివరికి ఒకనాడు, సాయంత్రం వచ్చి పేజీలు పట్టుకెళ్ళమని మంగతాయారు కబురు పంపింది. గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. గడ్డం గీయించుకుని శుభ్రంగా కూర్చుని చదువుదామని నూకయ్య దుకాణానికి వెళ్ళాడు. నూకయ్య అతని మెడ చుట్టూ గుడ్డ కట్టి, నురగ పులిమి, కత్తి గొంతు కింద ఆనించాడు.

"ఆ నవల మీరింకా పూర్తి చేయలేదట కదా బాబూ. చంపిందెవరో చెప్పేయమంటారా? మీకు శ్రమ తగ్గుతుంది."

గవర్రాజు తల అడ్డంగా ఊపుదామంటే కత్తి. నోరు తెరుద్దామంటే నురగ. చెవులు మూసుకుందామంటే చేతులు గుడ్డ కింద ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. అచ్చం ఆ రోజు మస్తాను ముఖమే. అది సంతోషం కాదని అప్పుడు తెలిసింది.

నూకయ్య కత్తి తీసి తుడుచుకున్నాడు. "చెప్పనులెండి బాబూ, మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది. మీరు మాత్రం నాకు ఒక్క నవలా మిగల్చలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం గవర్రాజు మంగతాయారు అరుగు మీదే కూర్చుని పేజీలు తిప్పాడు. డాక్టరు కాదు, తమ్ముడు కాదు, వంటమనిషీ కాదు. కలలో కూడా అనుకోని మనిషి. "ఓరి నీ దుంప తెగ" అంటూ తొడ చరుచుకున్నాడు. అన్నాళ్ళు ఆగినందుకు ఆ ఆనందం రెట్టింపయింది.

అంతలో పొరుగూరి మనిషి ఒకాయన వచ్చి, "ఈ నవల అద్దెకు తీసుకోవచ్చాండీ? ఇంతకీ చంపిందెవరు?" అని అడిగాడు. మంగతాయారు ఊపిరి బిగబట్టింది. గవర్రాజు నోరు తెరుచుకుంది. చటుక్కున కండువా తీసి ఆ నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో పుస్తకాన్నీ పేజీలనూ ఆయన చేతిలో పెట్టాడు.

మనకు ముందే తెలిసింది కదా అని చెప్పేసి, ఎదుటివారి సంతోషాన్ని కాజేయకూడదు; తెలిసి కూడా నోరు మూసుకోవడం ఒక్కొక్కసారి గొప్ప ఉపకారం.