నవ్వు ఆపుకున్న కాలనీ

నగరం పెరిగి పెరిగి అలసిపోయి ఆగిన చోట ఒక కాలనీ ఉండేది. ఆ కాలనీలో ఒక తల్లి, ఆమె కూతురు ఉండేవారు. తండ్రి క్యాంపులో ఉండేవాడు.

క్యాంపంటే ఆఫీసు పని మీద పొరుగూరు వెళ్ళడం. వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా మాసిన బట్టల సంచీతో ఇంటికొస్తాడు. ఈయన క్యాంపుకెళ్ళినప్పుడు కూతురు పలక మీద అ ఆలు దిద్దుకుంటోంది. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీకి వెళ్తోంది. ఎంత గొప్ప ఆఫీసైనా అంత పని చెప్పదు.

అసలు సంగతేమిటంటే, ఒక రోజు తల్లి కూరగాయలకని వెళ్ళి వచ్చేసరికి ఆయన లేడు, బీరువాలో ఆయన బట్టలూ లేవు. "నాన్నేడీ?" అని పిల్ల అడిగింది. తల్లి చేతిలో సంచీ ఇంకా కింద పెట్టనేలేదు. "క్యాంపుకెళ్ళారమ్మా" అనేసింది, నోటికేదొస్తే అది.

అన్నాక నిలబెట్టుకోవాలి కదా. పాలవాడు అడిగితే క్యాంపు, ఎదురింటావిడ అడిగితే క్యాంపు. ఆయన మర్చిపోయిన చొక్కా ఒకటి ఇంట్లో మిగిలింది. దాన్ని వారం వారం ఉతికి, వీధిలోకి కనపడేలా తీగ మీద ఆరేసేది. "బాగా పొద్దుపోయి వచ్చారండీ, తెల్లారకముందే మళ్ళీ బండెక్కేశారు" అని అడగనివాళ్ళకి కూడా చెప్పేది. ఉతికి ఉతికి ఆ చొక్కాది అసలు ఏ రంగో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. "పాపం, మనిషిని ఎంత తిప్పుతారండీ ఆ ఆఫీసువాళ్ళు!" అనేది ఎదురింటావిడ, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని.

తల్లికి లోకంలో ఉన్నది ఒక్కటే భయం. కూతురికి నిజం తెలిసిపోతుందేమో, నన్ను వదిలేసి పోయాడా అని ఆ పిల్ల కుమిలిపోతుందేమో అని. ఆ ఒక్క భయం కోసం ఆమె ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు, ఆడింది కూడా.

ఇలా ఉండగా కాలనీ వార్షికోత్సవం వచ్చింది. అధ్యక్షుడు నగరం నుంచి ఒక నాటక బృందాన్ని పిలిపించాడు. కడుపుబ్బ నవ్విస్తారని ఎవరో చెబితే పిలిచేశాడు. ఏం నాటకమని అడగలేదు. అడిగే అలవాటు ఆయనకి ముందునుంచీ లేదు.

సాయంత్రం షామియానా కింద కుర్చీలు వేశారు. తల్లీ కూతురూ ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనకే ఎదురింటావిడ, ఆమె భర్త. తెర లేచింది.

వేదిక మీద ఒక కాలనీ ఇల్లు. ఒక భర్త పెట్టె సర్దుకుని, పిల్లిలా అడుగులేసుకుంటూ, అట్టతో చేసిన తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి భార్య వేషం వేసిన నటి వచ్చింది. ఖాళీ బీరువా చూసింది. పక్కింటావిడ వచ్చి "మీవారేరీ?" అని అడగ్గానే, కొంగు సర్దుకుని, చిరునవ్వొకటి తగిలించుకుని చెప్పింది.

"మావారా? క్యాంపుకెళ్ళారండీ!"

ఏ ఊళ్ళో వేసినా ఈ మాటకి పందిరి లేచిపోయేది. నటి ఆ నవ్వులకి చోటిచ్చి ఆగింది. నవ్వు రాలేదు. కనీసం దగ్గు కూడా రాలేదు.

తల్లికి కుర్చీ కిందకి దూరిపోదామా అనిపించింది. కానీ చుట్టూ ఆ నిశ్శబ్దం చూసేసరికి కొంచెం ప్రాణం కుదుటపడింది. 'హమ్మయ్య, వీళ్ళ బుర్రకెక్కలేదు' అనుకుంది. కాలనీవాళ్ళ తెలివి మీద ఆమెకి ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు. ఆ రోజు అందుకు ఎంతో సంతోషించింది.

నాటకం సాగింది. నటి రెండు కంచాలు పెట్టి రెండింట్లోనూ తానే తింది. పాలవాడికి వినపడాలని మగ గొంతుతో దగ్గింది. తనని తానే "ఏమేవ్!" అని పిలుచుకుని, "వస్తున్నానండీ!" అని పరిగెత్తింది. జనం రాళ్ళలా కూర్చున్నారు. తెర వెనక నటులకి చెమటలు పట్టాయి. "చావింటికేమైనా వచ్చామా?" అని ఒకడు మరొకడిని అడిగాడు.

నిజానికి రాళ్ళు కదులుతున్నాయి. అధ్యక్షుడు కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఎదురింటావిడ భర్త కుర్చీ నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి. ఒకాయన కడుపు పట్టుకుని షామియానా వెనకున్న కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. అటు వైపునుంచి పాత స్కూటరు స్టార్టు కాక మొరాయిస్తున్నట్టు ఏవో చప్పుళ్ళు వచ్చాయి. కాసేపటికి మొహం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు వేదిక మీద నటి ఒక మగవాళ్ళ చొక్కా దులిపి దులిపి తీగ మీద ఆరేసింది. కాలనీ కాలనీ అంతా ఒక్కసారిగా తల దించుకుంది.

తల్లి అది చూసింది. ఎవరింట్లో గిన్నె జారిపడినా కిటికీల్లోంచి తొంగిచూసే జనం వీళ్ళు. ఇప్పుడు ఒక్కరంటే ఒక్కరు తనవైపు తల తిప్పడం లేదు. ఆమె నెమ్మదిగా కూతురి మొహంలోకి చూసింది. పిల్ల చున్నీ పళ్ళతో కరిచిపట్టుకుని ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏడుస్తున్నావా అమ్మలూ?"

"లేదమ్మా" అంది కూతురు. అనడానికి నోరు తెరిచేసరికి ఆపుకున్న నవ్వు కాస్తా ముక్కులోంచి తన్నుకొచ్చింది.

"నీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. నువ్వు బాధపడతావని అనలేదు."

"మరి వీళ్ళకి?"

"వీళ్ళకి నాకంటే ముందే తెలుసమ్మా. మనం ఇంట్లో లేనప్పుడు వానొస్తే ఆ చొక్కా తీసి వరండాలో పెట్టేది ఎవరనుకున్నావు? ఎదురింటి ఆంటీ."

తల్లికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. వెనక్కి తిరిగి చూసింది. ఎర్రబడిన మొహాలు, ఉబ్బిన బుగ్గలు, నోళ్ళలో కండువాలు, కొంగులు. ఇన్నేళ్ళూ తాను వీళ్ళ ముందు నాటకమాడాననుకుంది. వీళ్ళేమో ఒక్క మాట తడబడకుండా తన ముందు ఆడారు. ఎదురింటావిడ బుగ్గ మీద చెయ్యి గుర్తొచ్చింది. ఎంత నటన! కడుపులో ఎక్కడో మొదలై, ఆపుకుందామన్నా ఆగకుండా ఆమెకి నవ్వొచ్చేసింది.

అంతే, షామియానా గుంజలు ఊగాయి. అధ్యక్షుడి కండువా ఎగిరి ముందు వరసలో పడింది. ఎదురింటావిడ భర్త కుర్చీతో సహా వెనక్కి పడి, పడినచోటే నవ్వుతూ ఉండిపోయాడు. ఇంత ఆలస్యంగా, ఇంత భారీగా వచ్చిన నవ్వుకి నటి హడలిపోయి తన మాటలు మర్చిపోయింది.

ఆ సందడి మధ్యలో తల్లి లేచి నిలబడింది. "వన్స్ మోర్!" అని అరిచింది.

నాటకాల్లో ఇదొక ఆచారం. జనం అడిగితే కాదనకూడదు. చచ్చిపోయిన వీరుడైనా సరే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి.

"ఏ సీనమ్మా?" అంది నటి.

"మొదటిది. ఆయన వెళ్ళిపోయేది." అంది తల్లి. "నేనప్పుడు చూడలేదు."

నవ్వులు ఆగిపోయాయి. భర్త వేషగాడు తెర వెనక మీసం తీసేసి బజ్జీ తింటున్నాడు. నోరు తుడుచుకుని, మీసం అంటించుకుని, పెట్టె పట్టుకుని వచ్చాడు. మళ్ళీ పిల్లిలా అడుగులేశాడు. అట్ట తలుపు మీద చెయ్యి వేశాడు. కూతురు లేచి తల్లి పక్కన నిలబడింది. ఎదురింటావిడ లేచింది. ఆమె వెనక కాలనీ అంతా లేచింది. వేషగాడు తల తిప్పి చూశాడు. కాళ్ళు కదలలేదు.

"వెళ్ళు, వెళ్ళు" అని తెర పక్కనుంచి ఎవరో గొణిగారు.

"ఇంతమంది చూస్తుంటే ఎలా వెళ్ళనండీ?" అన్నాడు వేషగాడు, ఏడుపు మొహంతో.

"పర్లేదు, వెళ్ళవయ్యా" అంది తల్లి. "పెట్టె బరువుగా ఉంటే చెప్పు. మావాళ్ళెవరైనా వచ్చి బస్సెక్కిస్తారు."

ఆయన వెళ్ళాడు. అట్ట తలుపు ఆయన వెనక దానంతటదే మూసుకుంది. అందరికంటే ముందు తల్లి చప్పట్లు కొట్టింది, తర్వాత కూతురు, ఆ తర్వాత కాలనీ మొత్తం. ఆ చప్పట్లు చాలాసేపు సాగాయి. వన్స్ మోర్ అని మాత్రం ఎవరూ అడగలేదు.