ఓబన్న కట్టిన గోడ

రాజుగారి కొత్త సభామందిరం గుండ్రంగా ఉంటుంది. దాని గోడ కట్టింది వడ్డె ఓబన్న. పని ముగిసే ముందురోజు మనిషి మాయమయ్యాడు. "పని ఎగ్గొట్టి పారిపోయాడు" అని రాజుగారు చాటింపు వేయించారు. సంగటి తినందే వీధి దాటని మనిషి దేశం దాటాడంటే పెళ్లాం గురవమ్మ నమ్ముతుందా?

ఊరిపెద్దలను వెంటబెట్టుకుని సభకొచ్చింది. "నా మొగుడేడి దొరా? మంత్రిగారితో ఆలోచించి చెప్పండి, అందాకా దూరంగా ఉంటాం" అని, గోడనానుకుని ఉన్న సింహాసనానికి ఎదురుగా అవతలి గోడకు అందరినీ ఆనించి నిలబెట్టింది. ఆ గోడ గుట్టు ఆమెకు తెలుసు. సంగటి తెచ్చినప్పుడల్లా ఓబన్న అవతల గోడవైపు తిరిగి "కూరేందే?" అని గొణిగితే, ఆ మాట గుండ్రటి గోడ వెంటే పాకి ఇవతల ఆమె చెవిలో పడేది.

రాజుగారు వెనక గోడవైపు తిరిగి మంత్రి చెవి కొరికారు. "తూర్పు వాకిలి దగ్గర రాయి మీదపడి చచ్చాడని, అక్కడే పూడ్చామని తెలిస్తే మందిరానికి అపశకునం. ఏదో చెప్పి పంపెయ్."

అవతల గోడకు ఆనుకున్న పెద్దల చెవుల్లో ప్రతి మాటా పడింది.

"తూర్పు వాకిలి తవ్వించండి దొరా," అంది గురవమ్మ.

"ఎవరు చెప్పారే నీకు?"

"నా మొగుడు కట్టిన గోడ. దానికి మీలాగా అబద్ధం చేతకాదు. మేమంతా విన్నాం."

తవ్వించక తప్పలేదు. ఓబన్నను ఇంటికి మోసుకుపోయేముందు గురవమ్మ ఆ గోడకు నోరు ఆనించి, "చింతాకు పప్పు" అంది. చాలాసేపు చెవి ఆనించి నిలబడింది. అవతల్నించి ఏ మాటా రాలేదు.