నాగలింగం చెవిలో సముద్రం

నాగలింగానికి కుడిచెవిలో సముద్రం వినపడసాగింది.

రుద్రయ్యస్వామి మఠంలో అది చిన్న సంగతి కాదు. అక్కడి సాధనంతా నాదం మీదే. కళ్ళు మూసుకుని లోపలికి వింటూ కూర్చోవాలి. మొదట సముద్రపు హోరు, తర్వాత భేరీ, చివరికి తుమ్మెద రొద వినిపిస్తాయని స్వామి చెప్పేవారు. బయటి చప్పుళ్ళు అడ్డొస్తున్నాయని నాగలింగం రోజూ చెవుల్లో పత్తి కుక్కుకుని మరీ కూర్చున్నాడు. ఇప్పుడు కుడిచెవిలో పత్తి తీసేసినా హోరు ఆగడం లేదు. ఎడమచెవిలో పత్తి మాత్రం అలాగే ఉంచుకున్నాడు.

ఇక అతని కాళ్ళు నేల మీద ఆనలేదు. వంట చేసే పర్వతమ్మ పిలిస్తే పలకడు, చిరునవ్వు నవ్వుతాడు. కొండ కింది ఊరివాళ్ళు కొబ్బరికాయలు పట్టుకొచ్చి అతని కాళ్ళకు మొక్కడం మొదలుపెట్టారు. పర్వతమ్మ ఆ కాయల్తో పచ్చడి నూరింది. నాగలింగం ఎదుటి కొండ మీద చదునైన చోటు చూసుకున్నాడు. అక్కడ సొంత మఠం పెట్టాలి. గురువుగారు సరేననడమే తరువాయి.

ఒక ఉదయం ఆయన పక్కన కూర్చుని సంగతంతా విన్నవించాడు. స్వామి అతని కుడిచెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో అన్నారు. నాగలింగం వినయంగా తలూపాడు. స్వామి మళ్ళీ అన్నారు. మళ్ళీ ప్రశాంతంగా తలూపాడు.

వంటింటి గుమ్మంలో ఉన్న పర్వతమ్మ మాత్రం ఉలిక్కిపడింది. స్వామి అన్న మాట, "నీ పంచె మీద తేలు పాకుతోందిరా" అని.

తేలూ లేదు, ఏమీ లేదు. స్వామి ఆ చెవిలోకి తొంగి చూశారు. నొప్పి, చీము లేవని అడిగి తెలుసుకున్నారు. కాస్త కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి తెమ్మన్నారు.

నాగలింగం గుండె పొంగిపోయింది. చివరి ఉపదేశం చెవిలోనే ఇస్తారని అతను విన్నాడు. గురువుగారి ఒళ్ళో తలపెట్టి కళ్ళు మూసుకున్నాడు. స్వామి నూనెను ముందు తన మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకున్నారు. తర్వాత చెవిలో నాలుగు చుక్కలు వేశారు. పర్వతమ్మ జడలోంచి పక్కపిన్ను తీసి ఇవ్వబోయింది. చెవిని తవ్వకూడదు, మెత్తబడితే అదే వస్తుందని ఆయన వారించారు.

కొన్నాళ్ళు రోజూ ఇదే తంతు. రోజూ నాగలింగం కళ్ళలో ఆనందబాష్పాలు.

ఆఖరికి ఒక ఉదయం స్వామి అతన్ని పళ్ళెం మీదికి తల వంచమని, చెవిలో గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోశారు. మినపగింజంత నల్లటి ముద్ద ఒకటి పళ్ళెంలో పడింది.

"ఏమిటి స్వామీ ఇది?"

"గులిమి."

సముద్రం ఆగిపోయింది. దాని చోట చిలకల గోల వినపడింది. పర్వతమ్మ రోట్లో పచ్చడి నూరుతూ పాడుకుంటున్న పాట వినపడింది. ఎక్కడో కొండ కింద ఎవరో దూడని తిడుతున్నారు, అదీ వినపడింది. చెవి ఇంత హాయిగా ఉంటుందని నాగలింగం మరిచేపోయాడు. పెద్దగా నవ్వేశాడు. అంతలో ఊరు గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఊరంతా నాకు మొక్కింది స్వామీ. వాళ్ళకి ఏ మొహం చూపించను?"

స్వామి పళ్ళెం పక్కన పెట్టి, అతని చెవిని తన కండువాతో తుడిచారు.

"నీకు ఒక చెవే కదరా. మా గురువుగారు నాకు రెండూ కడగాల్సొచ్చింది."

నాగలింగం తలెత్తి చూశాడు. "మీకు కూడానా? మరి అప్పటికి మీరు..."

"ఆయన నూనె తీసుకుని కొండెక్కి వచ్చేసరికి," అన్నారు రుద్రయ్యస్వామి, "నేనీ మఠం కట్టేశాను."