కోయిల గంప దించిన వాకిలి

ఒకప్పుడు కోయిలకు సొంత గూడు ఉండేది. ఆకుల్లో దాక్కునేది కాదు. మామిడిపళ్ళ గంప నెత్తిన పెట్టుకుని, "పళ్ళమ్మా పళ్ళు!" అని మెత్తగా కేకేస్తూ వీధివీధీ తిరిగి అమ్ముకునేది. పళ్ళకు బదులు చేరెడు నూకలు పుచ్చుకునేది.

వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. పొద్దున్నే మొదటి బేరం బోణీ. గంప దించాక బోణీ కాకుండా మళ్ళీ ఎత్తితే, ఇక ఆ రోజంతా ఈగ కూడా వాలదట!

ఈ సంగతి కాకమ్మకు బాగా తెలుసు. అందుకే రోజూ మొదట పిలిచేది ఆవిడే. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

"ఏమే కోయిలా, ఇటు రా. గంప దించు."

ఒక పండు పొడిచి, "అబ్బే, పులుపు" అనేది. ఇంకోటి పొడిచి, "అంతా పీచే" అనేది. మరోటి సగం తినేసి, "చిలకమ్మ ఇంతకంటే పెద్దవి ఇచ్చిందే!" అని మూతి తిప్పేది.

"వదినా, ఎండెక్కుతోంది. రెక్కల నీడ పట్టకపోతే గూట్లో నా గుడ్లు ఉడికిపోతాయి. తీసుకుంటే తీసుకో, నీకు దండం పెడతా!"

"బోణీ బేరం కదే, అంత తొందరైతే ఎలా?"

ఒకరోజు బేరం తెగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కోయిల రివ్వున గూటికి ఎగిరింది. గుడ్లు కాలిపోతున్నాయి. ఆ తర్వాత ఎన్నాళ్ళు పొదిగినా ఒక్కటీ పిల్ల కాలేదు.

కోయిల చాలా ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది.

మళ్ళీ గుడ్డు పెట్టే రోజు వచ్చింది. కాకమ్మ మామూలుగానే పిలిచింది. కోయిల గంప దించింది.

"నిదానంగా ఏరుకో వదినా. నాకేం తొందర లేదు."

కాకమ్మ తల గంపలో దూర్చింది. కోయిల చప్పుడు కాకుండా కాకమ్మ గూటికెళ్ళి గుడ్డు అక్కడే పెట్టేసింది. "నా పొద్దంతా నువ్వే తిన్నావుగా, ఇక నీడ కూడా నువ్వే పట్టు" అనుకుని గుబురాకుల్లోకి దూరింది.

కాకమ్మ గూటికి చేరింది. ఏ పండు పులుపో చెప్పగలదు గాని, ఏ గుడ్డు తనదో చెప్పలేకపోయింది. అన్నిటిమీదా కూర్చుంది.

అలవాటు ఊరికే పోదు కదా! కోయిల ఆకుల్లోంచే "కూ!" అని కేకేసింది.

"ఎక్కడున్నావే? ఇటు రా, గంప దించు!"

"కూ!" అంది కోయిల, ఇంకా గట్టిగా. బయటికి మాత్రం రాలేదు.

అప్పటినుంచే మామిళ్ళు కాసే రోజుల్లో కోయిల కేక వినిపిస్తుంది, కోయిల కనిపించదు. కాకి కావుకావుమంటూ కొమ్మకొమ్మా వెతుకుతుంది. వెతికి వెతికి గూటికొచ్చి, బోణీ బేరం సాగదీసిన ఆ నోటితోనే కోయిల పిల్లకు మెతుకులు పెడుతుంది.