ఆకురాయి ఉక్కు కత్తి

సీలేరు పక్క కొండల్లో వెదురు నరికే పోతురెడ్డి ఏ పనిముట్టు కొన్నా దానితో చేయవలసిన పని మరచి, దాని గొప్పే చూసుకునేవాడు. ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఆ బుద్ధి మారేది కాదు.

ఒక ఏడు నరుకుడు మొదలయ్యే ముందు అతను కొత్త కత్తి చేయించుకోవడానికి కమ్మరి గవరయ్య కొలిమికి వెళ్ళాడు. గవరయ్య పాత లారీ కమాను పట్టీ ముక్క చూపించాడు.

"ఇదా? నల్లగా, మొద్దులా ఉంది," అన్నాడు పోతురెడ్డి. సంచిలోంచి అరిగిపోయిన పెద్ద ఆకురాయి తీసి ఇచ్చాడు. "ఇది ఇనుమునే అరగదీస్తుంది. దీనితో కత్తి చెయ్యి."

గవరయ్య తల పట్టుకున్నాడు. "నాయనా, పోయినేడే చెప్పాను. ఆకురాయి ఉక్కు గట్టిదే, కానీ గాజులాంటిది. తోలు కోయడానికి బాగుంటుంది. వెదురు కణుపు మీద దెబ్బకు ఓర్చుకోదు. కమాను ఉక్కుకు పదును తొందరగా పోతుంది, కానీ అది విరగదు."

"పదును పోతే రోజూ సానరాయి ముందు కూర్చోవలసింది నువ్వా, నేనా?"

"పదును పోతే రాయి ఉంది. విరిగితే ఏముంది?"

"నీవన్నీ అపశకునం మాటలే!"

చివరికి గవరయ్య ఆకురాయితోనే కత్తి చేసిచ్చాడు. ఆ కొలిమిలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త కత్తిని తుమ్మ మొద్దులో దిగేసి, పక్కకు మెలితిప్పి చూశాకే ఇంటికి తీసుకెళ్ళాలి. అంచు పాడవుతుందని పోతురెడ్డి అదీ చెయ్యలేదు. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకుని, మురిసిపోతూ వెళ్ళాడు.

నాలుగు రోజులు కత్తి లేత వెదురును బాగానే నరికింది. అక్క మొగుడు కన్నపరెడ్డి మధ్యాహ్నం కత్తి నూరుకుంటుంటే పోతురెడ్డి నవ్వేవాడు.

"బావా, నీ కత్తికి మళ్ళీ ఆకలేసిందా? రాయి నాకుతోంది!"

"నాకితే నాకింది. నీలాగా వాగదు కదా!" అనేవాడు కన్నపరెడ్డి.

అయిదో రోజు పొదలో వంగి ఉన్న ముదురు వెదురొకటి విసురుగా జారి, కన్నపరెడ్డి కాలిని బండకేసి నొక్కేసింది. అతని కత్తి లోయలో పడిపోయింది.

"కణుపొక్కటే అందుతుంది, దాని మీదే కొట్టరా! కాలు పోతోంది!" అని అరిచాడు.

పోతురెడ్డి బలంకొద్దీ కొట్టాడు. కత్తి కణుపులో ఇరుక్కుంది. ఊడదీయాలని మెలితిప్పాడు. అది టప్పున నడిమికి విరిగింది. ఇక చేసేదేమీ లేక, కొండ కింద కట్టలు కడుతున్న అక్క లచ్చమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, నీ కత్తి తీసుకురా! బావ కాలు ఇరుక్కుంది!"

"నీ కత్తేదిరా?"

"విరిగింది."

"నాలుగు రోజులుగా మా చెవులు తినేసిన కత్తేనా? ఛీ, నడు!" అంటూ ఆమె కొండెక్కింది.

ఆమెది కమాను ఉక్కు కత్తి. పది దెబ్బలకు వెదురు తెగింది. కత్తి అంచుకు రెండు నొక్కులు పడ్డాయి, అంతే. కానీ ఆమె వచ్చేలోపే కన్నపరెడ్డి మడమ నలిగిపోయింది. కాలు దక్కింది గానీ, అతను మళ్ళీ కొండెక్కలేకపోయాడు. ఆ ఏడాది నుంచి అతని వాటా వెదురు కూడా పోతురెడ్డే నరకవలసి వచ్చింది.

"ఆ ఉక్కు గట్టిదే అక్కా, ఏమైందో మరి," అని ఒకరోజు గొణిగాడు.

"ఉక్కును అనకురా. ఆ పనికి దాన్ని తెచ్చింది నువ్వు," అంది లచ్చమ్మ విసుగ్గా.

పనిముట్టును దాని గొప్ప చూసి కాదు, అది ఓర్చుకోవలసిన దెబ్బ చూసి ఎంచుకోవాలి.