బోర్లించిన గ్లాసు

గిడ్డయ్య రెండు బేస్తవారాలుగా దర్గాకు రాలేదు. ఎందుకు రాలేదో రసూలుకు అర్థం కాలేదు, కొంచెం కోపం కూడా వచ్చింది. అంత ఓపికగా కూర్చోబెట్టుకుని విన్నాక మనిషి చెప్పాపెట్టకుండా మానేస్తే ఎలా అనుకున్నాడు.

ఆదోని వైపు ఒక చిన్న దర్గా అది. దాన్ని చూసుకునే దాదావలి తాత దగ్గర రసూలు పదకొండేళ్ళుగా శిష్యుడు. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక దర్గా వసారాలో మనసు బాగాలేనివాళ్ళు పది మంది దాకా చేరేవారు. ఏ మతమని, ఏ కులమని అడిగేవారు లేరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి. సలహాలు ఇవ్వకూడదు. చివర్న ఎవరి టీ గ్లాసు వాళ్ళు కడిగి బల్ల మీద బోర్లించి వెళ్ళాలి. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేశామని దానికి అర్థం. తాత పెట్టిన పద్ధతి అది. ఈ మధ్య కూటం నడపడం రసూలుకు అప్పగించాడు.

రసూలు మాటకారి. అతను ఏదైనా చెప్తుంటే వినేవాళ్ళు కళ్ళు తుడుచుకోవాల్సిందే. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు అందరూ ఒక్కొక్కరుగా వచ్చి కూర్చుంటున్నారు. గిడ్డయ్య భార్య సుంకులమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. తాత, రసూలు ఆమె దగ్గరికి వెళ్ళారు.

"మూడు దినాలాయ తాతా, గదిలో నుంచి బయటికి రాలేదు. లోపల గడి పెట్టుకున్నాడు. కూడు తిన్లేదు. పిలిస్తే 'ఉండాను' అంటాడు. అంతే."

"ఏమైందమ్మా?"

"ఆ పొద్దు లారీ తోలుతా కునుకు తీసింది ఈయనేనంట. మా మరిది పోయింది అందుకేనంట. మాకేమో ఎదురు లారీది తప్పని చెప్పినాడు. నాలుగేండ్లు కడుపులో పెట్టుకోని, ఈడ మాత్రం చెప్పుకున్నాడంట. రెండు వారాల కింద మా తోటికోడలికి తెలిసిపాయ. పక్కూరి ఉరుసులో ఎవురో కథ మాదిరి చెప్తాంటే వాళ్ళన్న విన్నాడంట. అన్నదమ్ములు, టమాటా లోడు, తెల్లారుజామున కునుకు. ఇంగెవురు తాతా? మేమే గదా."

"నేను పేరు చెప్పలేదు," అన్నాడు రసూలు గబుక్కున.

సుంకులమ్మ అతని వైపు చూసింది. చెప్పింది ఎవరో ఆమెకు అంతవరకూ తెలియదు.

రసూలు ఉరుసులో ఆ కథ చెప్పినప్పుడు వంద మంది ఏడ్చారు. మనసు విప్పుకుంటే ఎంత తేలికవుతుందో నలుగురికీ తెలిసిందని ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు.

తాత సుంకులమ్మతో, "నువ్వు పో తల్లీ. ఆ తలుపు కాడ నుంచి కదలొద్దు. మాట్లాడిస్తానే ఉండు. నీ వెనకాలే మనిషిని పంపిస్తా," అన్నాడు.

వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. రసూలు అందరికీ టీ అందించి, తన గ్లాసు తీసుకుని ఓ మూల నిలబడ్డాడు. కూటంలో తాత ఎప్పుడూ వినడమే కానీ మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడాడు.

"ఒక కొడుకు కథ చెప్తా. పేరు చెప్పను, ఊరు చెప్పను. వాళ్ళమ్మకు మతి చెదిరింది. గడప దాటితే ఎటు పోతాదో తెలీదు. ఒక దినం ఆ కొడుకు ఎవరిదో పెండ్లికి పోవాల్సి వచ్చింది. అమ్మను గదిలో పెట్టి బయట గడి వేసినాడు."

రసూలు చెయ్యి ఆగిపోయింది. ఆ మాట అతను జన్మలో ఒక్కసారే బయటపెట్టాడు. పదకొండేళ్ళ కింద, ఈ తాత కాళ్ళ దగ్గర కూర్చుని. తాత ఇది చెప్తాడని కలలో కూడా అనుకోలేదు. అందరూ తననే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడటం లేదు. పక్కనున్న పెద్దాయన టీ ఊదుకుంటున్నాడు.

"సాయంత్రానికి వద్దామనుకున్నాడు. రాలేకపోయినాడు. తెల్లారినాక వచ్చి గడి తీసేసరికి..."

తాత ఆపి టీ తాగాడు. రసూలు గ్లాసులో టీ కాలి మీద ఒలికింది. కాలిన సంగతి కూడా అతనికి తెలియలేదు.

"తీసేసరికి ఏమయ్యింది తాతా?" అని ఒకామె అడిగింది.

"ఆ కథ నాది కాదమ్మా," అని తాత లేచి బయటికి వెళ్ళాడు.

రసూలు గ్లాసు బల్ల మీద పెట్టి వెనకే పరిగెత్తాడు.

"అందరికీ తెలిసిపోయింది తాతా."

"ఎట్ల తెలుస్తాది? పేరు చెప్పలేదు గదా."

రసూలు అక్కడ నిలబడలేకపోయాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గిడ్డయ్య ఇంటి దారి పట్టాడు.

సుంకులమ్మ ఆ గది తలుపు ముందు కూర్చుని ఉంది. అతన్ని చూసి మాట్లాడకుండా కొంచెం జరిగింది. దారి పొడుగునా రసూలు ఎన్నో మంచి మాటలు కూర్చుకున్నాడు. తలుపు చూడగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"గిడ్డయ్యా, ఆ పొద్దు ఉరుసులో చెప్పింది నేనే."

రసూలు గడప దగ్గర కూర్చున్నాడు.

"నీది చెప్పడానికి నాకు నోరెట్ల వచ్చిందో తెలీదు. నాది ఒకటుంది. అది నీకు చెప్తా." ఊపిరి తీసుకున్నాడు. "మా అమ్మను గదిలో పెట్టి గడి వేసి పెండ్లికి పోయినా. తెల్లారి వచ్చి తీసేసరికి అమ్మ తలుపుకు ఆనుకోని ఉండాది. పాణం లేదు. గడి తీయమని ఎంతసేపు తట్టిందో నాకు ఈ పొద్దుటికీ తెలీదు."

సుంకులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత లోపల గడియ తీసిన చప్పుడయ్యింది.

రసూలు పొద్దుగూకేవేళకు దర్గాకు తిరిగి వచ్చాడు. అందరూ వెళ్ళిపోయారు. బల్ల మీద గ్లాసులన్నీ బోర్లించి ఉన్నాయి. అతను పెట్టి పోయిన గ్లాసు ఒక్కటే అడుగున చల్లారిన టీతో అలాగే ఉంది.

"తలుపు తీసినాడా?" అని తాత అడిగాడు.

"తీసినాడు తాతా. అన్నం తింటాండాడు. సుంకులమ్మ పక్కనే ఉంది."

తాత కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. "నీతో ఏమన్నాడు?" అన్నాడు.

రసూలు చెప్పబోయి ఆగాడు. తన గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, నిదానంగా కడిగి తెచ్చి, బల్ల మీద బోర్లించాడు.